నలభై రెండు రోజుల లెక్క: ఢిల్లీ పెరట్లో కొత్త తేనెపెట్టె

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఢిల్లీ పూలతో నిండిపోతుంది. రౌండ్‌అబౌట్‌లలో పెట్యూనియాలు, రోడ్ల పక్కన ఎర్రగా విరగబూసిన బూరుగు చెట్లు, రాష్ట్రపతి భవన్‌లో జనం బారులు తీరే అమృత్ ఉద్యాన్. పెరట్లో తేనెపెట్టె పెట్టుకోవాలన్న ఆలోచన నగరవాసులకు ఎక్కువగా వచ్చేది ఈ రోజుల్లోనే. తేనెటీగలు తేలిగ్గా దొరికేదీ ఇప్పుడే. ఆవ పూత మీద బలపడిన కుటుంబాలను పెంపకందారులు ఈ సమయంలోనే రెండుగా విడదీస్తారు. అయితే రాజధాని ప్రాంతంలో కొత్తగా పెంపకం మొదలుపెట్టేవారికి మార్చి అంత మంచి నెల కాదు. మార్చిలో తెచ్చిన పెట్టె జూన్ నాటికి ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. తేనెటీగల శరీర గడియారాన్ని, ఢిల్లీ రుతువులను పక్కపక్కన పెట్టి లెక్క వేస్తే కారణం తెలుస్తుంది.

ఇంటి తేనె మీద నగరవాసులకు ఆసక్తి పెరగడానికి కారణం లేకపోలేదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షింపజేసింది. న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్ పరీక్షలో వాటిలో 10 నెగ్గలేదని ప్రకటించింది. కంపెనీలు ఆ ఆరోపణను తోసిపుచ్చినా కొనుగోలుదారుల్లో అనుమానం మిగిలింది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం 500 కోట్ల రూపాయలతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌ను ప్రకటించింది. పెంపకందారుల నమోదు కోసం 2021 ఏప్రిల్ 7న మధుక్రాంతి పోర్టల్ మొదలైంది. ఆసక్తి, ప్రోత్సాహం రెండూ ఉన్నాయి. కొత్త పెంపకందారుకు సాధారణంగా కొరవడేది మొదటి ఆరు వారాల పరిజ్ఞానం.

పెట్టెలో వచ్చేది ఏమిటి?

ఇంటర్నెట్‌లో కనిపించే పాఠాల్లో చాలావరకు అమెరికావి. అక్కడ కొత్తవారు ‘ప్యాకేజీ’ కొంటారు. జాలీ డబ్బాలో మూడు పౌండ్లు, అంటే సుమారు 1.36 కిలోల తేనెటీగలు, చిన్న పంజరంలో విడిగా ఒక రాణి ఈగ వస్తాయి. వాటితోపాటు పట్టు గానీ పిల్లలు గానీ ఉండవు. ఢిల్లీ చుట్టుపక్కల పద్ధతి వేరు. హర్యానా, ఉత్తరప్రదేశ్ పెంపకందారులు ఫ్రేముల లెక్కన అమ్ముతారు. నాలుగు ఫ్రేముల కుటుంబం అంటే నాలుగు చెక్క చట్రాల్లో కట్టిన పట్టు, అందులో గుడ్లు, లార్వాలు, మూత వేసిన పిల్లలు, పుప్పొడి, కొంత తేనె, రాణి, ఇంకా సుమారు 8 వేల కూలి ఈగలు. అందుకే విదేశీ వీడియోలోని సూచనలను ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పాటించలేం.

పెట్టెల్లో ఎక్కువగా ఉండేది ఐరోపా తేనెటీగ, శాస్త్రీయ నామం ఏపిస్ మెల్లిఫెరా. ఇది మన జాతి కాదు. 1960ల తొలినాళ్లలో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.ఎస్. అత్వాల్ బృందం దీన్ని హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకునేలా చేసింది. అందుకు వారు ఎంచుకున్న మార్గం ఆసక్తికరమైనది. ఐరోపా రాణులను మన పుట్ట తేనెటీగల కుటుంబాల్లోకి ప్రవేశపెట్టారు. స్థానిక కూలి ఈగలు పరాయి రాణి పిల్లలను పెంచాయి. పాత ఈగలు వయసై చనిపోతుంటే కొత్త జాతి వాటి స్థానాన్ని ఆక్రమించింది. కుటుంబంలో ఒక తరం పోయి మరో తరం రావడానికి కొన్ని వారాలు చాలన్న విషయం మీదే ఆ ప్రయోగం ఆధారపడింది. పెరటి పెట్టె భవితవ్యం కూడా దానిమీదే ఆధారపడి ఉంటుంది.

21 + 21 = 42

కూలి ఈగ గుడ్డు దశలో 3 రోజులు, లార్వాగా సుమారు 6 రోజులు, మూత వేసిన గదిలో 12 రోజులు గడుపుతుంది. మొత్తం 21 రోజులు. బయటికి వచ్చాక వెంటనే పూల మీదికి పోదు. దాదాపు మూడు వారాలు ఇంట్లోనే పని చేస్తుంది. గదులు శుభ్రం చేయడం, లార్వాలకు తినిపించడం, మైనం ఊరించి పట్టు కట్టడం, మకరందాన్ని ఆరబెట్టడం, ద్వారం దగ్గర కాపలా కాయడం దాని పనులు. ఆ తర్వాతే మకరందం, పుప్పొడి కోసం బయటికి వెళుతుంది. అంటే రాణి ఈరోజు పెట్టిన గుడ్డు మకరందం తెచ్చే ఈగగా మారేది 42 రోజుల తర్వాత.

పని ఎక్కువగా ఉండే రోజుల్లో కూలి ఈగ ఆయుష్షు ఐదారు వారాలు. 8 వేల ఈగలున్న కుటుంబం రోజుకు సుమారు 200 ఈగలను కోల్పోతుంది. కొత్త పిల్లల రాక ఈ నష్టాన్ని మించితేనే కుటుంబం పెరుగుతుంది. ప్యాకేజీలో పిల్లలు ఉండవు కాబట్టి కనీసం 21 రోజులపాటు ఒక్క కొత్త ఈగ కూడా పుట్టదు. ఫ్రేముల కుటుంబంలో మూత వేసిన పిల్లలు ఉంటే వచ్చే 12 రోజుల్లో అవన్నీ బయటికి వచ్చి లోటు పూడుస్తాయి. అందుకే కొనేటప్పుడు ఎన్ని ఫ్రేములున్నాయో చూస్తే సరిపోదు. కనీసం రెండింటిలో పిల్లలున్నాయో లేదో, వాటిలో మూత వేసినవి ఎన్నో చూడాలి. మూతలు గోధుమ రంగులో, కొద్దిగా ఉబ్బెత్తుగా, ఖాళీలు లేకుండా వరుసగా ఉంటే రాణి బాగా గుడ్లు పెడుతున్నట్టు. కుంగిన మూతలు, దుర్వాసన, రంగు మారిన లార్వాలు కనిపిస్తే ఆ పెట్టె కొనకూడదు.

ఢిల్లీ పూల క్యాలెండర్

ఇప్పుడు ఈ 42 రోజులను ఢిల్లీ రుతువుల మీద పెట్టి చూడాలి. అక్టోబరు, నవంబరులలో నీలగిరి, రేగు వంటివి పూస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు శివార్లలోని పొలాల్లో ఆవ పూత పసుపుపచ్చగా పరుచుకుంటుంది. హర్యానా, రాజస్థాన్‌లలో తేనెకు ఇదే పెద్ద పంట. ఫిబ్రవరి, మార్చిలలో బూరుగు, ధనియాలు, ఆ వెంటనే ఏప్రిల్ వరకు శీషం, వేప, నేరేడు పూస్తాయి. మే నెల మధ్యకు వచ్చేసరికి పూత బాగా తగ్గిపోతుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు తేనెటీగలకు కరువు కాలం.

మార్చి 15న తెచ్చిన కుటుంబంలో ఆ రోజు పెట్టిన గుడ్లు పూల మీదికి వెళ్లేది ఏప్రిల్ 26 ప్రాంతంలో. అప్పటికి వేప పూత కూడా ముగింపుకు వస్తుంది. నోళ్లు పెరిగిన సమయానికి తిండి తగ్గుతుంది. ఆ వెంటనే 45 డిగ్రీల ఎండ మొదలవుతుంది. నవంబరు 1న తెచ్చిన కుటుంబంలోని గుడ్లు డిసెంబరు 13 నాటికి పనికి సిద్ధమవుతాయి. సరిగ్గా ఆవ పూత మొదలై ఉంటుంది. మొదటి వేసవి వచ్చేలోగా ఆ కుటుంబానికి ఐదారు నెలల తిండి దొరుకుతుంది. తెలుగు రాష్ట్రాల మైదాన ప్రాంతాల్లో చలి ఇంత తీవ్రంగా ఉండదు, పూల వరుస కూడా వేరు. అక్కడి నెలల లెక్క ఢిల్లీకి పనికిరాదు, ఢిల్లీ లెక్క అక్కడ పనికిరాదు.

నగరంలో కనిపించే పూలన్నీ తేనెటీగలకు ఆహారం కావన్నది కూడా గమనించాలి. నర్సరీల్లో అమ్మే అలంకార మొక్కల్లో రెక్కలు ఎక్కువ వచ్చేలా పెంచిన రకాలు చాలా ఉంటాయి. వాటిలో పుప్పొడి, మకరందం తక్కువ, లేదా అవి ఈగకు అందవు. పెట్టెకు రెండు మూడు కిలోమీటర్ల పరిధిలో ఏ చెట్లున్నాయో చూసుకోవడం కుండీలు లెక్కపెట్టుకోవడం కన్నా ఉపయోగకరం.

మొదటి రాత్రి, నాలుగో రోజు

తేనెటీగలు పెట్టె రంగును బట్టి కాక, అది ఉన్న చోటును బట్టి ఇంటిని గుర్తుపెట్టుకుంటాయి. పెట్టెను పాత చోటుకు కిలోమీటరు దూరంలో పెడితే బయటికి వెళ్లిన ఈగలు దారి పోల్చుకుని పాత చోటుకే తిరిగిపోతాయి. అందుకే అవి తిరిగే పరిధిని దాటి, కనీసం మూడు నాలుగు కిలోమీటర్ల అవతలి నుంచి తేవాలి. చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారానికి జాలీ బిగించి రాత్రిపూట తరలిస్తారు. గాలి ఆడని మూత వేస్తే లోపలి వేడికే కుటుంబం చనిపోవచ్చు. కొత్త చోట పెట్టాక అరగంట కదల్చకుండా వదిలి ద్వారం తీస్తారు. ద్వారం ముందు ఆకుల కొమ్మ అడ్డం పెడితే ఉదయం బయటికి వచ్చిన ఈగలు ఆగి, వెనక్కి తిరిగి పెట్టెను చూస్తూ అర్ధచంద్రాకారంలో ఎగురుతాయి. కొత్త చిరునామాను అవి నేర్చుకుంటున్నాయనడానికి అదే గుర్తు.

పెట్టె ముఖం తూర్పు లేదా ఆగ్నేయానికి ఉంటే పొద్దున ఎండ తగులుతుంది. మధ్యాహ్నం చెట్టు నీడ పడాలి. స్టాండు కాళ్లను నీళ్లు పోసిన గిన్నెల్లో ఉంచితే చీమలు ఎక్కవు. ద్వారానికి కొద్ది దూరంలో ఆరడుగుల గోడ గానీ పొద గానీ ఉంటే ఈగలు నిటారుగా పైకి లేచి, మనుషుల తలల మీదుగా పోతాయి.

ఆ తర్వాత చేయాల్సింది, నిజానికి చేయకూడనిదే ఎక్కువ. మొదటి మూడు రోజులు పెట్టె తెరవకూడదు. నాలుగో రోజో ఐదో రోజో మధ్యాహ్నం పూట కొద్దిగా పొగ పట్టి మధ్యలోని ఒకటి రెండు ఫ్రేములు తీసి చూడాలి. వేల ఈగల్లో రాణిని వెతకనక్కర్లేదు. గది అడుగున బియ్యపు నూకలా నిలబడిన తెల్లని గుడ్డు కనిపిస్తే చాలు. గుడ్డు మూడు రోజుల్లో లార్వా అవుతుంది కాబట్టి నాలుగో రోజు తర్వాత కనిపించే ప్రతి గుడ్డూ ఈ పెరట్లో పెట్టిందే. రాణి ప్రయాణంలో బతికి బయటపడిందన్న మాట.

గుడ్లు లేకపోతే మరో రెండు మూడు రోజులకు మళ్లీ చూడాలి. అప్పటికీ లేకపోగా వేరుశనగ కాయ ఆకారంలో వేలాడే రాణి గదులు కనిపిస్తే రాణి పోయినట్టే. కుటుంబం కొత్త రాణిని పెంచుకోగలదు. కానీ ఆ రాణి పుట్టి, పోతుటీగలతో జతకట్టి, గుడ్లు పెట్టడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ఆ గుడ్ల నుంచి ఈగలు రావడానికి ఇంకో మూడు వారాలు. నాలుగు ఫ్రేముల కుటుంబానికి ఏడు వారాల ఖాళీ మోయలేని భారం. అమ్మినవారి దగ్గర నుంచి గుడ్లు పెడుతున్న రాణిని తెచ్చుకోవడం, లేదా ఈ ఈగలను మరో కుటుంబంలో కలపడం మేలు. గుడ్లు కనిపించాక వారం, పది రోజులకు ఒకసారి కన్నా ఎక్కువగా తెరవాల్సిన పని లేదు.

తిండి తక్కువగా ఉన్న రోజుల్లో చక్కెర, నీళ్లు సమానంగా కలిపిన పాకం ఇస్తారు. చలికి ముందు నిల్వ కోసమైతే చక్కెర రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు. పాకాన్ని సాయంత్రం, పెట్టె లోపలే ఇవ్వాలి. బయట ఒలికితే వాసనకు పక్క కుటుంబాల ఈగలు దోపిడీకి దిగుతాయి. బెల్లం ఈగలకు విరేచనాలు కలిగిస్తుంది. బజారు తేనెలో వాటికి సోకే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. ఈ రెండూ ఇవ్వకూడదు.

ఎయిర్ కూలర్ సూత్రం

పిల్లలున్న చోట ఉష్ణోగ్రత 34, 35 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. జనవరి రాత్రి నాలుగైదు డిగ్రీలకు పడినప్పుడు ఈగలు గుంపుగా ముద్దకట్టి, ఎగిరే కండరాలను కదిలించి వేడి పుట్టిస్తాయి. అప్పుడు ద్వారం చిన్నది చేసి, పెట్టె మీద గోనెసంచి, గడ్డి కప్పితే వాటి తేనె ఖర్చు తగ్గుతుంది. ఖాళీ ఫ్రేములు తీసేసి కుటుంబం ఆక్రమించిన మేరకే చోటు మిగల్చాలి.

ఢిల్లీలో అసలు పరీక్ష వేసవిలో ఎదురవుతుంది. బయట 45 డిగ్రీలున్నప్పుడు లోపల 35 ఉంచాలంటే రెక్కలతో విసిరితే చాలదు, వేడి గాలి లోపలికే వస్తుంది. ఈగలు నీళ్లు తెచ్చి గదుల అంచుల మీద పలుచగా పూసి రెక్కలతో విసురుతాయి. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. ఇంటి కిటికీలోని ఎయిర్ కూలర్ పనిచేసేది కూడా ఇలాగే. బలమైన కుటుంబం మంచి ఎండ రోజున లీటరు వరకు నీరు తేగలదు. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. పది గంటల పగటి వేళకు సర్దితే అది దాదాపు 67 వాట్లు. మామూలు సీలింగ్ ఫ్యాన్ తీసుకునే కరెంటుకు ఇంచుమించు సమానం. అయితే ఈ పని చేసేందుకు తగినన్ని ఈగలుండాలి. నాలుగు ఫ్రేముల బలహీన కుటుంబం నీళ్లు మోయడానికే ఈగలను కేటాయిస్తే మకరందం తెచ్చేవారు మిగలరు. పట్టు మైనం 62 డిగ్రీలు దాటాకే కరిగినా, 40 దాటగానే మెత్తబడుతుంది. తేనెతో బరువెక్కిన కొత్త పట్టు తెగి కూలిపోతే కింద ఉన్న ఈగలు, ఒక్కోసారి రాణి కూడా తేనెలో మునిగిపోతాయి.

మూత మీద తెల్లరంగు, దానిపై నాలుగంగుళాల ఎడంతో రెండో కప్పు, మధ్యాహ్నం తడి గోనెసంచి ఈ భారాన్ని చాలా తగ్గిస్తాయి. జులైలో తేమ పెరిగాక ఎయిర్ కూలర్ ఎందుకు పనిచేయదో తేనెటీగల కూలర్ కూడా అందుకే పనిచేయదు. అప్పుడు నీళ్లకన్నా నీడ, గాలి ముఖ్యం.

పెట్టె దగ్గర నీటి తొట్టిని మొదటి రోజు నుంచే ఉంచాలి. అందులో గులకరాళ్లో చెక్కముక్కలో వేస్తే ఈగలు మునిగిపోవు. ఒకసారి నీటి చోటుకు అలవాటు పడితే ఈగలు దాన్ని తేలిగ్గా వదలవు. ఆ చోటు పక్కింటి కూలర్ ట్యాంకు అయితే గొడవ మొదలైనట్టే.

పురుగులు, కందిరీగలు, పొగ బండి

మొదటి వర్షాకాలం నాటికి వరోవా అనే ఎర్రని నల్లి లెక్క తేలాలి. మూత వేసిన గదిలో చేరి పిల్లల శరీర కణజాలాన్ని తింటూ సంతతిని పెంచుకునే పురుగు ఇది. గుండు సూది తలంత ఉంటుంది. రాణి లేకుండా చూసుకుని అరకప్పు, అంటే దాదాపు 300 ఈగలను జాలీ మూత సీసాలో వేసి, పొడి చక్కెర చల్లి దొర్లిస్తే నల్లులు పట్టు తప్పి రాలిపోతాయి. ఆ ఈగలను మళ్లీ పెట్టెలో వదిలేయవచ్చు. తొమ్మిది నల్లులు రాలితే నూటికి మూడు అన్న మాట. అక్కడికి చేరితే చికిత్స అవసరం. ఫార్మిక్ ఆమ్లం వాడతారు కానీ 30 డిగ్రీలు దాటిన వేడిలో అది రాణికీ పిల్లలకూ ప్రమాదం. ఢిల్లీలో ఆ వీలు కొన్ని నెలలే ఉంటుంది. మోతాదును నిపుణులను అడిగి తెలుసుకోవాలి. పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలోనూ, ఇజ్రాయెల్ సహకారంతో కురుక్షేత్ర జిల్లా రామ్‌నగర్‌లో ఏర్పాటైన సమగ్ర తేనెటీగల అభివృద్ధి కేంద్రంలోనూ ఈ రంగం నిపుణులున్నారు.

వానల్లో ఈగలు కప్పని ఫ్రేముల్లో మైనపు పురుగు చేరి పట్టును సాలెగూడులా చేస్తుంది. ఖాళీ ఫ్రేములు తీసేయడమే దానికి మందు. కందిరీగలు ద్వారం దగ్గర మాటు వేసి ఈగలను ఎత్తుకుపోతాయి. చిన్న కుటుంబానికి వేలెడు వెడల్పు ద్వారం ఉంటే కాపలా సులువవుతుంది. ఆగస్టు నుంచి నవంబరు వరకు డెంగీ దోమల కోసం కాలనీల్లో పొగ బండ్లు తిరుగుతాయి. ఆ పొగలో ఉండేది పురుగుమందు. బండి వచ్చే వేళ ముందే తెలిస్తే, ఈగలు లోపలికి చేరాక ద్వారానికి జాలీ పెట్టి, పెట్టె మీద తడిబట్ట కప్పి, పొగ పోయాక తీసేయాలి.

తేనె ఎప్పుడు? ఎన్ని పెట్టెలు?

కొత్త కుటుంబం నుంచి మొదటి సంవత్సరం తేనె ఆశించకపోవడమే మంచిది. నవంబరులో మొదలుపెట్టిన పెట్టెలో పిల్లల గది పైన పెట్టిన తేనె గది మార్చికి నిండితే కొంత తీసుకోవచ్చు. అదీ పాకం ఇవ్వడం పూర్తిగా ఆపాక నిండిన ఫ్రేముల నుంచే. లేకపోతే పెరట్లో తీసినా అది చక్కెర పాకమే అవుతుంది. మన ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. పట్టులో మూడొంతుల గదులకు ఈగలు మైనపు మూత వేశాయంటే తేమ ఆ స్థాయికి దిగినట్టే. పిల్లల గదిలోని తేనెను ముట్టుకోకూడదు. జూన్ కరువులో కుటుంబాన్ని బతికించేది అదే.

పెట్టె పెట్టే ముందు పక్కింటివారితో, నివాసుల సంఘంతో మాట్లాడటం తప్పనిసరి. తేనెటీగ విషానికి తీవ్రమైన అలర్జీ ఉన్నవారికి ఒక్క కాటే ప్రాణాంతకం కావచ్చు. అలాంటివారు ఆ ఇంట్లోనో పక్క ఇంట్లోనో ఉంటే పెట్టె ఆలోచన మానుకోవాలి.

ఢిల్లీలో తేనెటీగలు పెట్టెతోనే మొదలుకాలేదని కూడా గుర్తుంచుకోవాలి. నీళ్ల ట్యాంకుల కింద, ఎత్తయిన భవనాల సజ్జలకు వేలాడేవి కొండ తేనెటీగల పట్లు. పొదల్లో అరచేయంత పట్టు కట్టేది చిన్న తేనెటీగ. గోడ కంతల్లో, మట్టిలో ఒంటరిగా బతికే జాతులు ఇంకా ఉన్నాయి. వీటన్నిటికీ ఉన్న పూలు అవే. కరువు నెలల్లో పది పెట్టెలు పెడితే ఆ భారం మొదట పడేది వీటి మీదే. ఒక ఇంటికి ఒకటి రెండు పెట్టెలు చాలు. వాటితోపాటు ఒక వేప మొక్క, ఒక నేరేడు, కుండీల్లో తులసి, పూతకు వదిలేసిన కాస్త కొత్తిమీర, ఆవాలు ఉంటే పెట్టెలోని ఈగలకూ బయటి ఈగలకూ తిండి దొరుకుతుంది. చెట్లు పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. కుండీలోని ఆవాలు మాత్రం అక్టోబరులో చల్లితే కొత్త కుటుంబం మొదటి తరం పనికి బయల్దేరే సమయానికి పూతకు వస్తాయి.